బ్యాక్టీరియా: మేలూ కీడూ పుట్టేది ఒకే చోట

వరి చేలో ఆకుల అంచులు పసుపుబారి, కొస నుంచి కిందికి అలలు అలలుగా ఎండుకుంటూ వస్తుంటే అది తెగులా, పోషక లోపమా అన్న అనుమానం రైతుకు వస్తుంది. తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఎండిన భాగమూ పచ్చటి భాగమూ కలిసే చోట ఆకును అడ్డంగా కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో తేట నీళ్లలో నిలబెట్టాలి. బ్యాక్టీరియా ఎండాకు తెగులే అయితే కొన్ని నిమిషాల్లో కోసిన చోటి నుంచి పాలలాంటి సన్నటి ధార నీళ్లలోకి దిగుతుంది. ఆ తెలుపంతా జాంథోమోనాస్ ఒరైజే అనే బ్యాక్టీరియా. ఆకు ఈనెల్లో నీళ్లు పారే గొట్టాల్లోకి చేరి, అక్కడే కోట్లుగా పెరిగి, దారి మూసేసిన గుంపు అది. విడిగా ఒక్క కణాన్ని చూడాలంటే మంచి సూక్ష్మదర్శిని కావాలి. గుంపును చూడటానికి గ్లాసెడు నీళ్లు చాలు.

బ్యాక్టీరియా సంగతంతా ఇలా గుంపు సంగతే. పాలు తోడుకున్నా, కంది వేరు మీద బుడిపెలు కట్టినా, గేదెకు గొంతు వాచినా, మనిషి క్షయతో చిక్కిపోయినా మనకు కనిపించేది లెక్కలేనన్ని కణాలు కలిసి చేసిన పని. మేలు చేసేవి కొన్ని, కీడు చేసేవి కొన్ని అని విడగొట్టి చెప్పడం పాఠ్యపుస్తకాల అలవాటు. ఆ విభజన సగమే నిజమని నా అభిప్రాయం. వేగంగా పెరగడం, దొరికిన పదార్థాన్ని రసాయనికంగా మార్చుకోగలగడం, జన్యువుల్ని ఇరుగుపొరుగు కణాలతో పంచుకోవడం. మేలుకైనా కీడుకైనా ఈ మూడు గుణాలే మూలం. ఏది ఎప్పుడు ఎటు తిరుగుతుందన్నది ఆ కణం చేరిన చోటును బట్టి, దాని సంఖ్యను బట్టి, ఎదుటి జీవి స్థితిని బట్టి ఉంటుంది. ఈ దృష్టితో చూస్తేనే యాంటీబయాటిక్‌ల విషయంలో మన తప్పు ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

గోడా, గోడ లోపలి బతుకూ

మామూలు బ్యాక్టీరియా కణం పొడవు ఒకటి నుంచి ఐదు మైక్రోమీటర్లు. మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన పేగుల్లో ఉండే ఇ. కోలై సుమారు రెండు మైక్రోమీటర్లు ఉంటుంది. ఈ కొలతకు లొంగనివీ ఉన్నాయి. కరీబియన్ ప్రాంతంలోని గ్వాడెలూప్ మడ అడవుల్లో దొరికిన థయోమార్గరీటా మాగ్నిఫికా రెండు సెంటీమీటర్ల దాకా సాగుతుంది, తెల్లటి పోగులా కంటికే కనిపిస్తుంది. దాని వివరాలు 2022లో వెలువడ్డాయి. కానీ అలాంటివి బహు అరుదు.

ఈ కణంలో కేంద్రకం ఉండదు. జన్యు పదార్థం సాధారణంగా ఒక వలయంగా, ఏ పొరా కప్పకుండా ఉంటుంది. ఇ. కోలైలో ఆ వలయం పొడవు 46 లక్షల జంట అక్షరాలు, అందులో దాదాపు 4,300 జన్యువులు. దాన్ని సాగదీస్తే మిల్లీమీటరున్నర వస్తుంది. అంటే కణం పొడవుకు ఏడు వందల రెట్లకు పైనే. ఇదంతా మడతలు పడి, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములతో కలిసి ఆ చిన్న చోటులోనే సర్దుకుంటుంది.

లోపల ఇంత సరుకు ఉండటం వల్ల కణం లోపలి ఒత్తిడి ఎక్కువ. గోడ లేకపోతే అది పగిలిపోతుంది. చక్కెర గొలుసుల్ని చిన్నచిన్న అమైనో ఆమ్లాల ముక్కలతో అడ్డంగా కుట్టి అల్లిన వల లాంటిది ఆ గోడ. దాన్ని పెప్టిడోగ్లైకాన్ అంటారు. 1884లో బెర్లిన్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఊపిరితిత్తుల కణజాలంలో బ్యాక్టీరియాను చూడటానికి ఊదారంగు వేసి, అయొడిన్ పట్టించి, ఆల్కహాలుతో కడిగాడు. కొన్నింటికి రంగు నిలిచింది, కొన్నింటికి పోయింది. గోడ మందంగా ఉన్నవాటికి రంగు నిలుస్తుంది. గోడ పలచగా ఉండి, దాని పైన మరో కొవ్వు పొర కప్పుకున్నవాటికి నిలవదు. నూట నలభై ఏళ్లు దాటినా ప్రయోగశాలల్లో మొదట చేసేది ఇంకా ఈ గ్రామ్ పరీక్షే. కారణం అది వైద్యానికి నేరుగా అక్కరకొస్తుంది. పైపొర ఉన్న గ్రామ్ నెగటివ్ జాతుల లోపలికి చాలా మందులు చొరబడలేవు. పైగా ఆ పొరలోని కొవ్వుచక్కెర పదార్థం మన రక్తంలో చేరితే జ్వరం, రక్తపోటు పడిపోవడం, చివరికి షాక్ దాకా తీసుకుపోతుంది. ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో వైద్యుల్ని ఎక్కువగా కలవరపెట్టేవి ఇవే.

మన కణాలకు ఆ గోడ లేదు. కాబట్టే గోడ కుట్టే ఎంజైమును అడ్డుకునే పెన్సిలిన్ బ్యాక్టీరియాను చంపుతుంది, మన కణాల జోలికి రాదు. వాటి రైబోజోముల నిర్మాణం కూడా మనవాటికంటే వేరు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ లాంటివి ఆ తేడా మీద ఆధారపడి పనిచేస్తాయి. వైరస్‌కు గోడా లేదు, రైబోజోమూ లేదు. అందుకే జలుబుకు యాంటీబయాటిక్ వేసుకోవడం అర్థంలేని పని.

ఇక పెరుగుదల. ఆహారం, వెచ్చదనం సమృద్ధిగా ఉంటే ఇ. కోలై ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఆ లెక్కన ఒక్క కణం ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటాలి. ఆహారం తరిగి, వ్యర్థాలు పేరుకుని ఆ వేగం త్వరలోనే మందగిస్తుంది, కానీ వండిన అన్నం, కూర బయట పెడితే పూటలో పాడవడానికి ఆ కాస్త వ్యవధి చాలు. అన్నీ ఇంత తొందరగా చీలవు. క్షయ కారక బ్యాక్టీరియాకు ఒక్కసారి చీలడానికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. కుష్ఠు కారకానికి దాదాపు రెండు వారాలు. నార్వే వైద్యుడు హాన్సెన్ దాన్ని 1873లోనే గుర్తించినా ఇప్పటికీ ప్రయోగశాల గిన్నెలో దాన్ని పెంచడం ఎవరివల్లా కాలేదు. క్షయకు నెలల తరబడి మందులు వాడాల్సి రావడానికి ఈ నిదానం ఒక కారణం. చీలని కణం మీద చాలా మందులు సరిగా పనిచేయవు.

మూడో గుణాన్ని శాస్త్రవేత్తలు ఆలస్యంగా గుర్తించారు. 1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ న్యుమోనియా బ్యాక్టీరియాతో ప్రయోగాలు చేస్తూ, చచ్చిన ప్రమాదకర రకాన్నీ బతికున్న సాధు రకాన్నీ కలిపి ఎలుకలకు ఎక్కించాడు. ఎలుకలు చనిపోయాయి. వాటి రక్తంలో ప్రమాదకర రకం సజీవంగా దొరికింది. చచ్చినదాని లక్షణం బతికున్నదానికి అబ్బింది. అలా అబ్బినది డీఎన్ఏ అని 1944లో న్యూయార్క్‌లో ఆస్వాల్డ్ ఏవరీ బృందం తేల్చింది. రెండేళ్ల తర్వాత జాషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టాటమ్ రెండు సజీవ కణాలు ఒకదానికొకటి తగులుకుని జన్యువులు మార్చుకుంటాయని చూపించారు. మూడో దారి కూడా ఉంది: బ్యాక్టీరియాను తినే ఫేజ్ అనే వైరస్‌లు ఒకదాని జన్యువును మరొకదానికి మోసుకుపోతాయి. మనకు జన్యువులు తల్లిదండ్రుల నుంచే వస్తాయి. వీటికి పక్కనున్న పరాయి జాతి నుంచి కూడా వస్తాయి. ఈ వ్యాసంలో ముందు ముందు వచ్చే చాలా సంగతులకు ఇదే ఆయువుపట్టు.

కొన్ని జాతులకు ఇంకో నేర్పు ఉంది. గడ్డుకాలం వస్తే గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజంగా మారి ఏళ్ల తరబడి మట్టిలో పడుంటాయి. ధనుర్వాతం, పశువుల్లో జబ్బవాపు, దొమ్మ రోగమనే ఆంత్రాక్స్ ఇలాంటివాటి వల్లే వస్తాయి. విశాఖ మన్యంలో దొమ్మ రోగం మనుషులకు సోకిన సందర్భాలున్నాయి. ఆ రోగంతో చచ్చిన పశువును కోయడమే వాటికి దారి. కళేబరం మూసి ఉన్నంతసేపు లోపలి బ్యాక్టీరియాకు గాలి తగలదు, సిద్ధబీజాలు అంతగా ఏర్పడవు. కోస్తే రక్తం నేల మీద పడి, గాలి తగిలి, సిద్ధబీజాలై ఆ మేత నేలనే ఏళ్లపాటు పట్టుకుంటాయి. పశువైద్యులు తోలు కూడా ఒలవొద్దని, సున్నం వేసి లోతుగా పూడ్చమని చెప్పేది ఇందుకే. వానలకు ముందే టీకా వేయించడం మరింత మంచిది.

నేలా, కడుపూ

భూమ్మీద బ్యాక్టీరియా కనీసం మూడు వందల యాభై కోట్ల ఏళ్లుగా ఉన్నాయి. సూర్యకాంతితో నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదిలే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా వల్ల దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట వాతావరణం మారిపోయింది. ఆక్సిజన్ అప్పటి చాలా జీవులకు విషం. మనకు అదే ప్రాణం. మన దాదాపు ప్రతి కణంలోనూ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బ్యాక్టీరియాయేనని 1967లో లిన్ మార్గ్యులిస్ వాదించినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. మైటోకాండ్రియాకు సొంత వలయాకార డీఎన్ఏ, బ్యాక్టీరియా తరహా రైబోజోములు ఉన్నట్టు రుజువయ్యాక కాదనడానికి వీల్లేకపోయింది.

అంత దూరం వెళ్లకుండా వేరుశనగ చేలోకే వెళ్దాం. నెల దాటిన మొక్కను మట్టితో సహా మెల్లగా పెకలించి, వేళ్లు కడిగి చూస్తే చిన్నచిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే అది పనిచేస్తోందని అర్థం. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే పనిచేయడం లేదన్నమాట. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. కానీ ఆ పని చేసే రైజోబియం బ్యాక్టీరియాకు ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కును తీర్చడానికి మొక్క మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన పదార్థాన్ని తయారుచేసి, ఆక్సిజన్‌ను కొలత ప్రకారం లోపలికి అందిస్తుంది. ఆ గులాబీ రంగు దానిదే. బుడిపెల నుంచి ఈ బ్యాక్టీరియాను 1888లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైయెరింక్ వేరుచేశాడు. అతనికంటే ఎంతో ముందు నుంచీ మన రైతులు వరి తర్వాత మినుము, పెసర వేస్తున్నారు, జీలుగ, జనుము, పిల్లిపెసర పెంచి పూత దశలో కలియదున్నుతున్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నేలలో నత్రజని ఎరువు ఎక్కువైతే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించుకుంటుంది. ఉచితంగా దొరుకుతున్నప్పుడు బ్యాక్టీరియాను పోషించే ఖర్చు అది పెట్టుకోదు. పప్పుధాన్యాల చేలో యూరియా గుప్పించేవారు డబ్బుతో పాటు ఆ ఏర్పాటునూ పోగొట్టుకుంటున్నారు. బెల్లం నీళ్లలో కలిపి విత్తనానికి పట్టించే రైజోబియం కల్చర్ ఖర్చు చాలా తక్కువ. పట్టించిన విత్తనాన్ని ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలి.

గడ్డి తిని పాలిచ్చే ఆవుకు గడ్డిలోని సెల్యులోజును అరిగించుకునే ఎంజైములు సొంతంగా లేవు. ఆ పని దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు చేస్తాయి. ఆవు బతికేది అవి విడిచిన ఆమ్లాల మీద, చివరకు వాటినే జీర్ణించుకోగా వచ్చే ప్రోటీను మీద. మనిషి ఇంతగా వాటి మీద ఆధారపడకపోయినా, తక్కువేమీ కాదు. 2016లో వెలువడిన లెక్క ప్రకారం సగటు మగవాడి శరీరంలో మానవ కణాలు సుమారు 30 లక్షల కోట్లయితే బ్యాక్టీరియా కణాలు సుమారు 38 లక్షల కోట్లు. వాటి బరువంతా కలిపితే రెండు వందల గ్రాములు. మనకు పది రెట్లు ఉంటాయని ఇప్పటికీ రాస్తుంటారు, ఆ పాత అంకెను వదిలేయాలి. చాలావరకు ఇవి పెద్దపేగులో ఉండి, మనకు అరగని పీచును పులియబెట్టి, పేగు గోడ కణాలకు ఆహారమయ్యే బ్యూటిరేట్ లాంటి కొవ్వు ఆమ్లాలను ఇస్తాయి. తల్లిపాలలో శిశువుకు అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి. వాటిని తినేది శిశువు పేగుల్లోని బిఫిడోబ్యాక్టీరియా. తల్లి పాలిచ్చేటప్పుడు బిడ్డకే కాదు, వాటికీ పెడుతోందన్నమాట.

ఈ పరిశోధనల పేరు చెప్పి మార్కెట్లో ప్రోబయోటిక్ పొడులు, గోళీలు కుప్పలుగా వచ్చాయి. వాటి డబ్బాల మీద రాసినవాటిలో చాలావాటికి గట్టి ఆధారం లేదు. రోజూ పెరుగు, పప్పు, కూరగాయల పీచు తినే ఇంట్లో ఆ ఖర్చు అనవసరం. ఇడ్లీ పిండి పొంగడం ల్యూకోనాస్టాక్ వంటి జాతుల పని. పాలు తోడుకోవడం లాక్టిక్ ఆమ్లం తయారుచేసే మరికొన్నింటి పని. ఆ పులుపులో రోగకారకాలు చాలావరకు నిలవలేవు. అయితే పాలను ముందు కాచడం మాత్రం మానకూడదు. పశువులకు గర్భస్రావమయ్యేలా చేసే బ్రూసెల్లా పచ్చిపాల ద్వారా కూడా మనుషులకు చేరుతుంది.

రోగం ఎలా పుడుతుంది

రోగం పుట్టడానికి ముఖ్యంగా రెండు దారులు. బ్యాక్టీరియా వదిలే విషం ఒకటి. లోపల తిష్ఠ వేసినదాన్ని తరమడానికి మన శరీరం చేసే పోరులో మన కణజాలమే దెబ్బతినడం రెండోది. మొదటిదానికి కలరా, రెండోదానికి క్షయ మంచి ఉదాహరణలు.

కలరా కారకాన్ని రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో స్పష్టంగా గుర్తించాడు. రక్తంలోకి చొరబడకుండా, పేగు గోడను తినకుండా అది మనిషిని గంటల్లో ఎలా చంపుతుందన్నది మాత్రం మరో డెబ్బై ఐదేళ్లు తేలలేదు. తేల్చినవాడు అదే కలకత్తాలోని వైద్యుడు శంభునాథ్ డే. కుందేలు పేగులో ఒక ముక్కను అటూ ఇటూ దారంతో బిగించి, మధ్యలోకి బ్యాక్టీరియాను ఎక్కించి చూశాడు. ఆ ముక్క నీటితో ఉబ్బింది. తర్వాత బ్యాక్టీరియాను పూర్తిగా వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించాడు. అప్పుడూ ఉబ్బింది. కాబట్టి పని విషానిదే. ఈ ఫలితం 1959లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ విషం పేగు కణంలో ఒక మీటను నొక్కి వదలకుండా పట్టుకుంటుంది. కణం ఉప్పునూ, దాని వెంట నీటినీ ఆగకుండా బయటికి పోస్తూనే ఉంటుంది. కానీ పేగు గోడలో చక్కెరనూ ఉప్పునూ జతగా లోపలికి తీసుకునే మరో ద్వారం ఉంది. దాన్ని ఈ విషం ఏమీ చేయలేదు. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఆ ద్వారం గుండానే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి, 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకు దించారు. ఒక విషం పనితీరునూ, దానికి లొంగని ఒక ద్వారాన్నీ తెలుసుకోవడం వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో!

అసలు విబ్రియో అనే ఈ కలరా బ్యాక్టీరియా సొంత ఊరు మనిషి పేగు కాదు. సముద్రమూ నదీ కలిసే ఉప్పుటేరుల్లో సూక్ష్మమైన పీతజాతి జీవుల పెంకుల మీద బతుకుతూ, ఆ పెంకుల్లోని కైటిన్‌ను కరిగించి తిరిగి నీటికి అప్పగిస్తుంటుంది. అక్కడ అది చేసేది అవసరమైన పని. విషం తయారుచేసే జన్యువు దాని సొంతమూ కాదు, ఒక ఫేజ్ వైరస్ తెచ్చి పెట్టినదని 1996లో తేలింది. మన తీరంలో రొయ్యల రైతులకు తెలిసిన విబ్రియో పారాహీమోలిటికస్ కథ కూడా ఇంతే. చెరువుల్లో మామూలుగా ఉండే ఆ బ్యాక్టీరియాకు ప్లాస్మిడ్ అనే ఒక చిన్న డీఎన్ఏ వలయం చేరితే, పిల్లలు వేసిన నెల రోజుల్లోపే రొయ్యల కాలేయాన్ని కరిగించి చెరువును ఖాళీ చేసే రకంగా మారుతుంది. తెల్లమచ్చ తెగులు మాత్రం వైరస్ వల్ల వచ్చేది. దానికి యాంటీబయాటిక్ చల్లడం వల్ల రొయ్య బతకదు, సరికదా ఆ అవశేషాలు దొరికి ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది.

క్షయ దారి వేరు. ఆ కణం చుట్టూ మైనం లాంటి కొవ్వు గోడ ఉంటుంది. మన రక్షక కణాలు దాన్ని మింగినా అరిగించుకోలేవు. అది వాటి లోపలే కాపురం పెడుతుంది. శరీరం దాని చుట్టూ గడ్డ కట్టి బంధిస్తుంది. చాలామందిలో అది జీవితాంతం అలాగే ఉండిపోతుంది. పోషణ తగ్గినా, మధుమేహం ముదిరినా, హెచ్‌ఐవీ సోకినా కట్టు తెగుతుంది. ఊపిరితిత్తిలో పడే గుంతలు చాలావరకు మన రక్షణ వ్యవస్థ పోరాటంలో ఏర్పడినవే. మందులు రాకముందు శానటోరియమే గతి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి దక్షిణాది అంతటి నుంచీ రోగులు వచ్చేవారు. 1956లో మద్రాసులో మొదలుపెట్టిన అధ్యయనం, ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినవారికీ శానటోరియంలో ఉన్నవారికీ దాదాపు ఒకే ఫలితం ఉందని చూపించి ప్రపంచమంతా క్షయ వైద్యాన్ని మార్చింది. ఇంత చేసినా ఏటా ప్రపంచంలో కొత్తగా క్షయ బారిన పడేవారిలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉండటం, రోగం పేదరికంతో ఎంత ముడిపడి ఉందో చెబుతుంది.

మొక్కల్లో కూడా కథ ఆసక్తిగానే ఉంటుంది. ఎండాకు తెగులు బ్యాక్టీరియా వరి కణంలోకి ఒక ప్రోటీన్‌ను పంపి, చక్కెరను బయటికి వదిలే వరి జన్యువునే తెరిపించుకుంటుంది. బాపట్లలో పుట్టి, 1986లో విడుదలైన సాంబ మసూరి అంటే మనకు ఎంత ఇష్టమో, ఈ తెగులుకు అది అంత తేలికగా లొంగుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను సంకరణం ద్వారా అందులోకి చేర్చి 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని తెచ్చాయి. ఆ మూడింటిలో ఒకటి అడవి వరి నుంచి వచ్చిన కాపలా ప్రోటీన్‌ది. మరొకటి చక్కెర జన్యువు తాళాన్ని కొద్దిగా మార్చి, బ్యాక్టీరియా పంపిన ప్రోటీన్ అందులో పట్టకుండా చేస్తుంది. బియ్యం రుచి, సన్నదనం అలాగే ఉన్నాయి. వరి మీద స్ట్రెప్టోసైక్లిన్ పిచికారీ చేయడంకంటే ఇది వెయ్యిపాళ్లు మేలైన మార్గం. ఆ పేరు వెనక ఉన్నవి మనిషికి వాడే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లే.

మందులూ, వాటికి లొంగనితనమూ

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చూసిన పెన్సిలిన్ బూజు నుంచి వచ్చింది. తర్వాత వచ్చిన యాంటీబయాటిక్‌లలో ఎక్కువ భాగం మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా జాతివి. అంటే బ్యాక్టీరియా మీద మనం వాడే ఆయుధాల్లో చాలావాటిని బ్యాక్టీరియా నుంచే తీసుకున్నాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు మట్టి నమూనాలో దొరికిన బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్‌ను తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే. 1948లో అది వెలుగులోకి వచ్చింది, ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. ఇటీవలి కాలంలో ఆంధ్రలో తరచూ వినిపిస్తున్న స్క్రబ్ టైఫస్ జ్వరానికి పెన్సిలిన్ జాతి మందులు పనిచేయవు. పొదల్లోని చిన్న పురుగు కుట్టిన చోట నల్లటి పక్కు కట్టిన మచ్చను వైద్యుడు గుర్తుపట్టి, టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను వెంటనే మొదలుపెడితే రోగి రెండు మూడు రోజుల్లో తేరుకుంటాడు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

మట్టిలో లక్షల ఏళ్లుగా ఈ పదార్థాలు తయారవుతున్నాయంటే, వాటిని తట్టుకునే జన్యువులు కూడా అంతకాలంగా అక్కడే ఉన్నాయని అర్థం. కొన్ని మందును ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును తోడి బయట పోస్తాయి. కొన్ని మందు అతుక్కునే చోటునే మార్చుకుంటాయి. మనం యాంటీబయాటిక్ వాడిన ప్రతిసారీ ఇవి లేనివి చచ్చి, ఉన్నవి మిగులుతాయి. మిగిలినవి వేగంగా పెరుగుతాయి, ఆ జన్యువును పక్కవాటికి పంచుతాయి. మొదట్లో చెప్పిన మూడు గుణాలూ ఇక్కడ ఒక్కచోట కలుస్తున్నాయి. అందుకే ఒకరి ఇంట్లో జరిగిన తప్పు ఆ ఇంటితో ఆగదు.

పెద్ద ఆసుపత్రుల్లో చివరి ఆసరాగా దాచుకున్న కార్బపెనెమ్ మందుల్ని విరగ్గొట్టే ఎన్‌డీఎం ఎంజైము గురించి 2009 నుంచి ప్రపంచానికి తెలుసు. అది మన దేశంలో విస్తృతంగా ఉంది. హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో ఔషధ కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రపంచానికి చవకగా మందులు అందిస్తున్న నగరం మనదని గర్వపడేవారంతా ఈ అంకెను కూడా గుర్తుంచుకోవాలి. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంతర్జాతీయ అధ్యయనం ఒకటి అంచనా వేసింది. అదే ఏడాది మన ప్రభుత్వం కోళ్లు త్వరగా బరువెక్కడానికి దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని నిషేధించింది. ఆ మందు మనుషులకు మరే మందూ పనిచేయనప్పుడు వాడేది. నిషేధం ఎన్నో ఏళ్ల ముందే రావాల్సింది.

మంచి వార్తా ఉంది. మందులకు లొంగని టైఫాయిడ్ 2016లో పాకిస్థాన్‌లోని సింధ్‌లో చెలరేగినప్పుడు దాన్ని అదుపు చేయడానికి వాడిన టీకా హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ. రోగమే రాకపోతే యాంటీబయాటిక్ అవసరం ఉండదు, నిరోధకత పెరిగే అవకాశమూ తగ్గుతుంది. టీకా, శుభ్రమైన తాగునీరు, మరుగుదొడ్డి, సబ్బుతో చేతులు కడగడం. యాంటీబయాటిక్‌ను కాపాడే నిజమైన పనులు ఇవే.

కాబట్టి పాఠకులకు నా విన్నపం ఇది. జలుబుకు, గొంతు గరగరకు మందుల దుకాణంలో అజిత్రోమైసిన్ అడిగి తెచ్చుకోకండి. వైద్యుడు రాస్తే చెప్పినన్ని రోజులూ వాడండి, మిగిలిన మాత్రలు దాచి ఇంకొకరికి ఇవ్వకండి. పశువుకైనా, రొయ్యల చెరువుకైనా, వరి చేనుకైనా ఏ మందు ఎందుకు వేస్తున్నారో తెలుసుకుని వేయండి. ప్రభుత్వాలు చేయాల్సింది ఇంకా పెద్దది. వైద్యుడు ఊహించి మందు రాయాల్సిన స్థితి పోవాలంటే, రోగి రక్తంలో లేదా మూత్రంలో ఉన్నది ఏ బ్యాక్టీరియానో, ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ పరీక్ష ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా జరగాలి, దాని ఫలితం రెండు మూడు రోజుల్లో వైద్యుడి చేతికి అందాలి. ఔషధ కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ ఎంత ఉండవచ్చన్నదానికి చట్టబద్ధమైన పరిమితి పెట్టి, కొలిచి, ఆ అంకెలను ప్రజల ముందు పెట్టాలి. ఈ రెండూ మన చేతిలో ఉన్న పనులే, ఇక ఆలస్యం చేయడానికి కారణం లేదు.